చేతుల నిండా పుస్తకాలు

ఆమెను సంఘంలో అందరూ పుస్తకాలక్క అంటారు. పెద్ద చదువులు చదివిందని కాదు. ఆదివారం ఆరాధనలో ఆఖరి ఆమేన్ ఇంకా గాల్లో ఉండగానే లేచి, జనం బెంచీల మీద వదిలేసిన కీర్తనల పుస్తకాలన్నీ ఏరి, గడ్డం ఆనేదాకా పేర్చుకుని, రెండు చేతులతో మోసుకుంటూ బీరువా దగ్గరికి నడుస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని ఇంకెవరికీ దక్కనివ్వలేదు. "సేవంటే మా పుస్తకాలక్కను చూసి నేర్చుకోవాలి" అని పాస్టరుగారు ఒకసారి అందరి ముందూ మెచ్చుకుంటే ఆవిడ తల దించుకుంది. పొగిడితే సిగ్గుపడిందనుకున్నారు. సిగ్గు నిజమే గానీ, దాని కథ వేరు.

ఆ సంఘంలో ఒక అలవాటుంది. ఆరాధన అయ్యాక చేయి ఇవ్వకుండా ఎవరూ గుమ్మం దాటరు. గుమ్మం పక్కన ఒక మనిషి నిలబడి, వెళ్లేవాళ్ల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, శాంతి కలగాలని దీవిస్తూ "సమాధానం" అంటాడు. వాళ్లూ "సమాధానం" అని బయటపడతారు. చంకలో పిల్లల దగ్గర్నుంచి కర్ర పట్టుకొచ్చే ముసలివాళ్ల దాకా ఎవరికీ మినహాయింపు లేదు, రెండు చేతులూ ఖాళీ లేని మనిషికి తప్ప. మన పుస్తకాలక్క కనిపెట్టిన ఉపాయం అదీ. జనమంతా వెళ్లేదాకా పుస్తకాలు సర్దుతూనే ఉండి, ఆఖర్న పక్క తలుపులోంచి జారుకునేది.

మనిషి తగిలితే ఆవిడకు భయం. ఎందుకంటే ఏం చెబుతాం? చిన్నప్పుడేదో ఘోరం జరిగిందని కథ అల్లడానికి లేదు, ఏమీ జరగలేదు. కొందరికి బల్లి అంటే భయం, కొందరికి మేడ మీంచి కిందికి చూడాలంటే భయం, ఈవిడకు మనిషి చర్మమంటే భయం. చేసేది చూస్తే కుట్టుపని. ఒళ్లు తగలకుండా కొలతలు తీయడం ఆవిడ దగ్గరే చూడాలి. టేపు రెండు కొసలూ గోళ్లతో పట్టుకుని, గాల్లోనే చుట్టి, గాల్లోనే చదివేసేది. పెళ్లయి వెళ్తూ కూతురు వాటేసుకోబోతే, "ఆగవే, కాలరు మడత పడింది" అని కాలరు సర్ది పంపేసింది. సంచిలో ఎప్పుడూ చేతులకు రాసుకునే మందు సీసా ఒకటి ఉండాల్సిందే. అది అడుగంటుతోందంటే ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడవు.

పాస్టరుగారి ప్రసంగాల్లో ఒకటి మాత్రం ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. ప్రభువు ఒక్క మాటంటే చాలు, రోగం పోయేదే. అయినా దగ్గరికెళ్లి, ఎవరూ ముట్టుకోని మనిషి మీద ముందు చేయి వేశాడు, తర్వాతే బాగుచేశాడు అన్నారాయన. మాటతో అయిపోయే పనికి చేయెందుకని ఆవిడ ఇంటికొచ్చి తనలో తనే పోట్లాడింది. చివరికి చేతులు కడుక్కుని పడుకుంది.

గుమ్మం దగ్గర నిలబడేది మట్టి మావయ్య. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. సంఘానికి ఊరి చివర సమాధుల తోట ఉంది, అక్కడ గోతులు తవ్వేది ఆయనే. పెళ్లాంపిల్లల్లేరు. తోట పక్కనే ఒంటి గది. నా అన్నవాళ్లు లేకుండా ఎవరైనా పోతే ఒళ్లు కడిగి బట్టలు తొడిగేదీ ఆయనే. డెబ్బై దాటినా పార పట్టాడంటే పడుచువాళ్లు పక్కకి తప్పుకోవాలి. అరచేతులు ఇటుకల్లా ఉంటాయి. గోళ్ల కింద మట్టి ఎంత తోమినా పోదు. ఆ చేతులు వారమంతా ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో తలచుకుంటే చాలు, పుస్తకాలక్క మందు సీసా తీసేది. ఆదివారం ఆయన దూరం నుంచే తలూపి నవ్వేవాడు. ఆవిడ పుస్తకాల మీంచి తలూపేది.

ఆ వారం పాటల టీచరు పోయింది. సంఘంలో మూడు తరాల పిల్లలకు గొంతు సవరించిన ముసలావిడ. మర్నాడు ఉదయం పాతిపెట్టాలి. పెట్టె లోపల పరిచే తెల్లగుడ్డ కుట్టే పని ఎప్పట్లాగే పుస్తకాలక్కకు అప్పగించారు. మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. ఆవిడ గుడ్డను కాగితంలో చుట్టుకుని తోటకు బయల్దేరింది. ఖాళీ పెట్టె కాబట్టి ఆ పనంటే భయంలేదు.

పెట్టెలుంచే రేకుల గదిలో వంగి గుడ్డ మూలలు సర్దుతుంటే, బయట మావయ్య పార చప్పుడు వినబడుతూనే ఉంది. తడిమట్టిలో పార దిగడం, ఎత్తి పోయడం, మళ్లీ దిగడం. ఆ చప్పుడు తోడుగా ఉంటే పని హాయిగానే సాగుతోంది. అంతలో తడిబట్టల మూట ఎత్తు మీంచి పడేసినట్టు దబ్బున ఒక శబ్దం. ఆ తర్వాత పార చప్పుడు లేదు.

ఆవిడ కాసేపు చూసింది. మళ్లీ మొదలవుతుందనే అనుకుంది.

"మావయ్యా?"

చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని బయటికొచ్చి చూస్తే, సమాధుల మధ్య మట్టికుప్ప పక్కన గోయి ఆకారమే మారిపోయి ఉంది. ఒకవైపు గోడ మొత్తం లోపలికి జారింది. ఇంకాస్త ముందుకెళ్లేసరికి మట్టిలోంచి ఒక చేయి పైకి లేచి, గాలిని పట్టుకోబోతున్నట్టు వేళ్లు ముడుస్తూ తెరుస్తూ కనిపించింది. పుస్తకాలక్క పైప్రాణాలు పైనే పోయాయి.

ఇలా జరక్కూడదసలు. గోయి తవ్వేటప్పుడు అటూ ఇటూ గోడలకు పలకలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించి గానీ మావయ్య లోపలికి దిగడు. నానిన నేలలో, పక్కన పాత సమాధి ఉన్నచోట, మరీనూ. కానీ ఆ పలకలు ఆ వారం తోటలో లేవు. పిల్లల నాటకానికి వేదిక కావాలని సంఘం పెద్దలు బండిలో వేయించుకుపోయారు. "వారంలో తెచ్చేస్తాం మావయ్యా, ఈలోగా ఎవరు పోతార్లే" అన్నారట. ఎవరూ పోకుండా చూడ్డమేదో తమ చేతిలో పనైనట్టు! మావయ్య అడగడానికి మొహమాటపడ్డాడు. మర్నాటికి గోయి కావాలి. ఊరికే దిగాడు.

చంకల దాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నాడాయన. ఎడమ చేయి లోపలే ఉండిపోయింది. తల గోయి అంచుకు కాస్త కిందుగా ఉంది, మొహమంతా బురద, తెల్లటి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఊపిరి తీయబోతుంటే ఎవరో గొంతు నొక్కుతున్నట్టు శబ్దం వస్తోంది.

ఆవిడకు ఫోన్ చేయాలని తోచడమే గొప్ప. రెండుసార్లు చేతిలోంచి జారింది. అగ్నిమాపక కేంద్రంలో ఎవరో అమ్మాయి ఎత్తింది.

"అంచు మీద నిలబడకండి మేడం. లాగకండి. ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వకండి, మిగతా గోడ కూడా జారుతుంది. మావాళ్లు బయల్దేరారు, కానీ వంతెన మీద నీళ్లున్నాయి, చుట్టూ తిరిగి రావాలి."

"ఆయనకు ఊపిరాడ్డం లేదమ్మా!"

"కదిలేకొద్దీ మట్టి ఇంకా బిగుసుకుంటుంది. ఆయన్ని కదలకుండా ఉంచండి. నెమ్మదిగా ఊపిరి తీయమనండి. మాట్లాడుతూ ఉండండి."

మాట్లాడ్డమంటే మాట్లాడొచ్చు. అంతవరకూ తన వల్ల అవుతుంది. ఆవిడ నాలుగు సమాధుల అవతల చెట్టుకానుకుని నిలబడి గొంతు పెంచింది. "మావయ్యా, కదలకండి! వస్తున్నారు! నెమ్మదిగా ఊపిరి తీయండి!" ఆయన వినలేదు. మెడ అటూ ఇటూ తిప్పుతూ, ఆ ఒక్క చేత్తో మట్టిని గీరుతూ పెనుగులాడుతున్నాడు. గీరినప్పుడల్లా పైనుంచి పెళ్లలు విరిగి భుజాల మీద పడుతున్నాయి. ఆవిడ గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. ప్రభువా, ఆయన్ని నెమ్మదించు, ఆయన్ని కాపాడు. గొంతు తోటంతా మారుమోగింది, ఆయన పెనుగులాట మాత్రం ఆగలేదు.

అప్పుడు తట్టింది. ఆయన చెవుల నిండా బురద. ఈ అరుపులేవీ ఆయనకు చేరడం లేదు. మట్టిలో ఒంటరిగా చచ్చిపోతున్నానని మాత్రమే ఆయనకు తెలుసు.

మాటతో అయ్యే పని కాదిది. అది అర్థమైన క్షణం ఆవిడ నిలువునా నీరైపోయింది. మట్టి భయం ఒకటి, గోయి భయం ఒకటి, ఆ రెంటికీ మించి ఆ చేయి. చుట్టూ చూసింది, ఎవరైనా వస్తే బాగుండని. సమాధులు తప్ప ఎవరూ లేరు.

మావయ్య భోజనానికి కూర్చునే పలక ఒకటి గది గోడకు ఆనించి ఉంది. అన్నీ పట్టుకెళ్లినవాళ్లు దాన్ని పాతదని వదిలేసినట్టున్నారు. ఆవిడ దాన్ని ఈడ్చుకొచ్చి, కూలని వైపు నుంచి అంచు మీదికి తోసి, మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత పొట్ట ఆనించి పడుకుంది. బక్కపలచని మనిషి కావడం జీవితంలో మొదటిసారి కలిసొచ్చింది. పలక కింద నేల మెత్తగా దిగింది. ఒక పగులు అంచు వెంబడి పాములా పాకుతూ తన మోచేతి దగ్గరికొచ్చి ఆగింది. కిందికి చూస్తే ఆ చేయి ఇంకో మూరెడు దూరంలో ఉంది.

దాన్ని ముట్టుకోలేకపోయింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. మనిషి చచ్చిపోతుంటే ఇంకా ఏమిటీ చాదస్తం అనుకోవచ్చు. ఆవిడ కూడా తనను అదే తిట్టుకుంది. చేయి చాచబోయిన ప్రతిసారీ ఒళ్లు జలదరించి వెనక్కొచ్చేసింది. చివరికి, పలక ఈడ్చేటప్పుడు మెడకు చుట్టుకున్న తెల్లగుడ్డ గుర్తొచ్చింది. పాటల టీచరు కోసం కుట్టిందే. దాన్ని అరచేతికి రెండు మడతలు చుట్టి, కళ్లు మూసుకుని, ఆ చేతిని గుడ్డతో పట్టుకుంది.

మావయ్య తలెత్తి చూశాడు. ముందు తన చేతి మీదున్న గుడ్డ కనిపించింది. అది దేనికి వాడే గుడ్డో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"అప్పుడే... గుడ్డ కప్పేస్తున్నావా తల్లీ?" అన్నాడు, గొంతు పెగలక. "నేనింకా పోలేదు..."

చేయి విదిలించుకున్నాడు. తడిసిన గుడ్డ సర్రున జారి మట్టిలో పడింది. ఆ విసురుకు ఎడంపక్క గోడలోంచి గంపెడు మట్టి జారి ఆయన భుజం కప్పేసింది. ఆయన అరిచాడు, అరవడానికి ఊపిరి చాలక అరుపు మధ్యలోనే తెగిపోయింది.

"కాదు మావయ్యా! అయ్యో కాదు!" అంటూ పుస్తకాలక్క ఏడ్చేసింది. ఏడుస్తూనే రెండు చేతులూ కిందికి చాచి ఆ చేతిని పట్టేసుకుంది. ఉత్త చేతులతో.

బంకమట్టి వేళ్ల మధ్యకు పాకింది. దాని కింద గరుకు తగిలింది, కాయలు, విరిగిన గోరు. చల్లగా ఉంటుందనుకున్న చేయి వెచ్చగా ఉంది. మణికట్టు దగ్గర నాడి తరుముతున్నట్టు కొట్టుకుంటోంది. పలక ఊగింది. వదిలేయ్ వదిలేయ్ అని ఒళ్లంతా గోల పెడుతుంటే, వేళ్లు మాత్రం ఇంకా బిగుసుకున్నాయి.

మావయ్య పెనుగులాట సగానికి తగ్గింది. ఆయన ఆ చేతులవంకే చూస్తున్నాడు.

ఆవిడ ఆయన అరచేతిని నెమ్మదిగా నొక్కింది, తర్వాత నెమ్మదిగా సడలించింది. నొక్కినప్పుడు తను ఊపిరి పీల్చి చూపించింది, సడలించినప్పుడు వదిలింది. పాటల టీచరు పిల్లలకు దీర్ఘాలు అలాగే నేర్పేది, చేయి ఎత్తి దించుతూ. ఆయనకు అర్థమైంది. నొక్కితే పీల్చాడు, సడలిస్తే వదిలాడు. పూర్తిగా రాలేదు గానీ కొంచెం కొంచెంగా వచ్చింది. అలా ఎంతసేపో. మధ్యలో చినుకులు మొదలయ్యాయి.

"అమ్మాయ్," అన్నాడు చివరికి. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "పుస్తకాలేవీ ఇవాళ?"

ఆవిడకు ముందు అర్థం కాలేదు.

"మీకు తెలుసా మావయ్యా?"

ఆయన వినకపోయినా ఆవిడ పెదవులు చూశాడు కాబోలు. "గుమ్మం దగ్గర నిలబడేవాడికి తెలీదా," అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. దగ్గుకు మట్టి కదిలింది, ఆవిడ గట్టిగా నొక్కింది, ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "తప్పు కాదులే. భయం ఎవరికి లేదు? ఎన్ని గోతులు తవ్వాను... నాకు మట్టిలో ఇలా పోవాలంటే భయం. మొదట్నుంచీ భయం. ఎవరికీ చెప్పలా."

"పోరు. మీరు పోరు."

"వారమంతా నా చేయి పట్టుకునేది పారే తల్లీ. బజారుకెళ్తే చిల్లర కూడా నా చేతిలో పెట్టరు, బల్ల మీద పెడతారు. అందుకే గుమ్మం దగ్గర నిలబడతానన్నాను. ఆదివారం ఒక్కరోజైనా అందరూ చేయి ఇస్తారు." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "నువ్వూ ఇస్తావనే అనుకునేవాణ్ణి. ఎప్పుడో ఒకప్పుడు."

పుస్తకాలక్క పలక మీద మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఏళ్లుగా తన చేతుల్ని తను కాపాడుకుంటున్నాననుకుంది. ఇన్నేళ్లూ ఈయనకు దక్కాల్సింది దాచుకున్నాననుకోలేదు.

అంతలో గేటు దగ్గర కారు ఆగింది. పాస్టరుగారు. ఎలా తెలిసిందో, గొడుగు కూడా లేకుండా బురదలో పరిగెత్తుకొస్తున్నారు. మంచి మనిషి, మంచి భారీ మనిషి. ఆయన అడుగు పడినప్పుడల్లా పలక కింద నేల గుబగుబమంటోంది. గోయి అంచు నుంచి మట్టి గింజలు జలజలా రాలాయి.

"అయ్యగారూ, ఆగండి!" అని అరిచింది పుస్తకాలక్క. సంఘంలో ఆవిడ గొంతు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఇంకో అడుగేస్తే మా ఇద్దర్నీ మీరే పాతేస్తారు!"

ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయారు. తర్వాత మెల్లగా దించి, అక్కడే సమాధి మీద మోకరించి, "ఏం చేయమంటారక్కా?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"ప్రార్థన చేయండి. కదలకుండా చేయండి."

అగ్నిమాపకంవాళ్లు వచ్చేసరికి ఆవిడ చేతులు భుజాల దాకా తిమ్మిరెక్కిపోయాయి. వాళ్ల అధికారి గోయి చుట్టూ ఒక్క చూపు చూసి, బల్లలూ జాకీలూ దించమని మనుషులకు సైగ చేశాడు. ఆవిడతో మెల్లగా అన్నాడు.

"అమ్మా, మీరింక వెనక్కి రండి. మేం చూసుకుంటాం. మీ కిందున్న నేల కూడా పగిలింది."

ఎప్పుడు రమ్మంటారా అనే కదా ఎదురుచూసింది. ఒక చేయి విడిపించుకుంది. రెండోది విడిపించుకోబోతుండగా మావయ్య కళ్లు మళ్లీ పెద్దవయ్యాయి, ఊపిరి మళ్లీ గొంతులో కీచుమంది, తల పిచ్చిగా ఊపడం మొదలుపెట్టాడు. గోడలోంచి ఇంకో పెళ్ల ఊడింది.

"నేను రాను," అంది.

"అమ్మా, ఆ అంచు జారితే..."

"జారితే జారనివ్వండి. ఈయన్ని వదిలితే ఈయన ఇప్పుడే పోతాడు. మీరు తవ్వండి."

అధికారి మరి వాదించలేదు. ఒక తాడు తెప్పించి ఆవిడ నడుముకు కట్టించాడు. కట్టినవాడి చేతులు తన నడుముకు తగిలాయన్న సంగతి ఆవిడకు ఆ తర్వాతెప్పుడో గానీ గుర్తు రాలేదు.

గోడలకు బల్లలు బిగించారు. లోపలికి దిగి, చిన్న తాపీలతో, చేతులతో, బకెట్లతో మట్టి తోడడం మొదలుపెట్టారు. పార పెడితే ఎముకలకు తగులుతుందట. ఆయన ఛాతీ బయటపడబోతున్న సమయంలో పాత సమాధి వైపు ఏదో మూలిగినట్టు శబ్దం వచ్చింది. "పట్టుకోండి!" అని ఎవరో అరిచారు. మట్టి ఒక్కసారిగా బల్ల సందులోంచి దూకి మావయ్య గడ్డం దాకా కమ్మేసింది. పుస్తకాలక్క పలక తలకిందులుగా వాలింది. ఆవిడ నడుం దాకా గోతిలో వేలాడింది, తాడు పొట్టను కోసేస్తోంది, నోట్లో మట్టి, కళ్లలో మట్టి. ఆ చీకట్లో ఆవిడకు మిగిలింది ఒకే ఒక్కటి, తన గుప్పిట్లో ఉన్న చేయి. అది తనను గట్టిగా నొక్కింది. తర్వాత సడలించింది. మళ్లీ నొక్కింది.

ఇప్పుడు ఆయన తనకు ఊపిరి నేర్పుతున్నాడు. ఆవిడ పీల్చింది. వదిలింది.

బల్ల బిగించారు, మట్టి తోడారు, చివరికి నడుం కింద పట్టీ వేసి మావయ్యను పైకి తీశారు. ఒక కాలు, రెండు పక్కటెముకలు విరిగాయి గానీ ప్రాణం ఉంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక కూడా ఆవిడ చేయి వదల్లేదు. వదలనని కాదు, వేళ్లు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. అధికారే పక్కన కూర్చుని ఒక్కో వేలూ విడదీశాడు. విడదీసేవాడి వంక చూస్తూ ఆవిడ, "నెమ్మది బాబూ, ఆయన చేయి నొప్పెడుతుంది," అంది.

ఇంటికొచ్చాక భయం తగ్గిందనుకుంటే పొరపాటే. పక్క మీద పడుకుంటే మంచం జారుతున్నట్టుండేది. చేతులు కడిగింది, మళ్లీ కడిగింది, సీసా సగం ఖాళీ చేసింది. పాటల టీచరుకు ఇంకో గుడ్డ కుట్టింది. సంఘం పెద్దలు పలకలు తెచ్చి తోటలో పడేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయారు.

ఆదివారం వచ్చింది. ఆఖరి ఆమేన్ గాల్లో ఉండగానే ఆవిడ లేచి, అలవాటు కొద్దీ పుస్తకాలు ఏరడం మొదలుపెట్టింది. గడ్డం దాకా పేర్చాక తలెత్తి చూస్తే జనమెవరూ కదల్లేదు. అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. అక్కడ ఎవరూ లేరు. చేయి ఇవ్వకుండా వెళ్లడం వాళ్లకు తెలీదు, ఎవరికివ్వాలో కూడా తెలీడం లేదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పాస్టరుగారు నోరు తెరిచి, పుస్తకాలక్కను చూసి, మూసుకున్నారు.

గోయి అంచు మీద అంత భయం వేయలేదంటే నమ్ముతారా? ఆవిడ పుస్తకాలు బెంచీ మీద దించింది. దించేటప్పుడు పైవి రెండు కింద పడ్డాయి, తీయలేదు. నడిచి వెళ్లి గుమ్మం పక్కన నిలబడింది. కుడి చేయి చాచింది.

మొదట వచ్చింది ఒక నాలుగేళ్ల పిల్ల. అరచేతి నిండా బిస్కెట్టు జిగట. "సమాధానం," అంది పుస్తకాలక్క. తర్వాత చెమట చేతులు, వణికే చేతులు, ఉంగరాల చేతులు, జలుబుతో ముక్కు తుడుచుకున్న చేతులు. ప్రతిదానికీ ఒళ్లు ఒకసారి వెనక్కి లాగింది. ప్రతిదాన్నీ రెండు చేతుల్లోకి తీసుకుంది. పలకలు పట్టుకుపోయిన పెద్దాయన తలెత్తలేక నిలబడితే, ఆయన చేతిని ఇంకాస్తసేపు పట్టుకుంది. ఆఖర్న పాస్టరుగారు వచ్చారు. ఆయన కళ్లలో నీళ్లు.

ఆవిడ సీసా తీయలేదు. నేరుగా మావయ్య ఉన్న ఆస్పత్రికి బస్సెక్కింది. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, కుడి చేతిని వానకోటు జేబులో పెట్టుకుని నిలబడింది. పక్కనావిడ తగలబోతే జేబును అటు తిప్పుకుంది. ఇన్నాళ్లూ మనుషుల నుంచి కాపాడుకున్న చేయి అది. ఇవాళ కూడా కాపాడుకుంటోంది, కాకపోతే ఎవరూ చెరిపేయకుండా.

ఎముకల వార్డు గుమ్మంలో గోడకు మందు డబ్బా తగిలించి ఉంది. నర్సు ఆపింది.

"చేతులకు మందు రాసుకుని వెళ్లండమ్మా."

పుస్తకాలక్క ఎడమ చేయి చాచి శుభ్రంగా రాసుకుంది. కుడి చేయి జేబులోంచి తీయలేదు. "దెబ్బ తగిలిందమ్మా," అని అబద్ధమాడి లోపలికి పోయింది. అలాంటి డబ్బాకు ఆవిడ ద్రోహం చేయడం అదే మొదలు.

మావయ్య కాలికి కట్టుతో పైకి చూస్తూ పడుకుని ఉన్నాడు. చెవులు బాగుచేశారు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు.

"ఆదివారం కదా," అన్నాడు దిగులుగా. "గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారో ఏమో."

ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. భయం ఇంకా ఉంది. జేబులోంచి కుడి చేయి తీసి, దుప్పటి మీదున్న ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదిగో మావయ్యా," అంది. "అందరి చేతులూ ఇందులోనే ఉన్నాయి. కడుక్కోకుండా తెచ్చాను."